రాష్ట్రపతి భవనానికి ముందు ఖరగ్‌పూర్

విపత్తులను తట్టుకొనే శక్తిని ప్రజలలో ఎట్లా పెంపొందించాలన్న విషయమై రాజధానిలో సభ జరగని మాసం లేదు. నా బోటి విలేఖరులు హాజరు వేయించుకొనడం కూడా మామూలే. తుపానులు, వరదలు, భూకంపాలు వచ్చినప్పుడు ఢిల్లీ నుండి దళాలు బయలుదేరే లోపుననే ప్రాణాలు పోవడమో నిలవడమో జరిగిపోతుందని, కనుక ఊరిలోని మనుషులనే ముందుగా తీర్చిదిద్దుకోవాలని వక్తలందరూ ఏకగ్రీవంగా సెలవిస్తారు. వరద ముప్పు గల జిల్లాలలో స్థానిక కార్యకర్తలకు శిక్షణ ఇచ్చేందుకు 2016లో కేంద్రం ఆపద మిత్ర అనే పథకాన్ని కూడా మొదలుపెట్టింది. మంచిదే. కాని ఇది మొన్న మొన్న కనిపెట్టిన సిద్ధాంతమన్నట్లు వారు మాట్లాడుతున్నప్పుడల్లా నాకు ఒక తెలుగువాడు గుర్తుకు వస్తాడు. ఆయన పేరు ఈ సభలలో ఎవరూ ఎత్తరు. ఢిల్లీకి ఆయన 1969 నాటి రాష్ట్రపతి ఎన్నికలో గెలిచిన మనిషిగా మాత్రమే జ్ఞాపకం. వరాహగిరి వెంకటగిరి గారిని నేను వెదకవలసి వచ్చింది రాష్ట్రపతి భవనంలో కాదు, ఖరగ్‌పూర్‌లో.

2023 జూన్ 2వ తేదీ సాయంకాలం ఒడిశాలోని బాలేశ్వర్ దగ్గర, బహనాగా బజార్ స్టేషనులో కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ దారి తప్పి, ఆగివున్న గూడ్సు బండిని ఢీకొన్న సంగతి పాఠకులు మరచి ఉండరు. 290 మందికి పైగా మరణించారు. వేయి మందికి మించి గాయపడ్డారు. ఆ స్టేషను రైల్వే పరిభాషలో ఖరగ్‌పూర్ డివిజనుకు చెందినది. సహాయక బృందాలు చేరే లోపల, చీకటిలో, పెట్టెల లోపలినుండి మనుషులను బయటికి తీసినది చుట్టుపక్కల పల్లెలవారు. ఆ రాత్రే బాలేశ్వర్‌లో నెత్తురు ఇచ్చేందుకు జనం బారులు తీరారు. ఆ తరువాత కొన్ని వారాలకు నేను ఖరగ్‌పూర్ వెళ్ళాను. ప్రమాదానికి కారణాలను గూర్చి వ్రాసేందుకు అక్కడికి వెళ్ళనక్కరలేదు, వాటి కాగితాలన్నీ ఢిల్లీలోనే దొరుకుతాయి. నేను చూడదలచినది ఆ ఊరినే.

ఖరగ్‌పూర్‌ను మన పాఠకులకు పరిచయం చేయడం సులభం. పొడవాటి ప్లాట్‌ఫారం ఉన్న ఊరు. 2013లో గోరఖ్‌పూర్ మించిపోయేవరకు అది ప్రపంచంలోకెల్లా పొడవైనదని పాఠ్యపుస్తకాలలో చదివిన తరం మాది. చదువుకొన్నవారు అక్కడి ఐ.ఐ.టి.ని తలుస్తారు. ఆ విద్యాలయం 1951లో ఆరంభమైనది హిజ్లీ నిర్బంధ శిబిరపు భవనంలో. 1931 సెప్టెంబరు 16న ఆ శిబిరంలోనే పోలీసులు నిరాయుధులైన డెటెన్యూలపై కాల్పులు జరిపి సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా అనే ఇద్దరిని చంపారు. కాని ఊరికి ఊపిరి ఈ రెండూ కాదు, రైలు కార్ఖానా. బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ ఇరవయ్యో శతాబ్ది తొలి సంవత్సరాలలో దానిని నెలకొల్పింది. కలకత్తానుండి నాగపూర్ పోయే దారి, బరంపురం మీదుగా వాల్తేరు వచ్చే దారి అక్కడ చీలుతాయి. రెండవ దారి వెంబడి శ్రీకాకుళం, విశాఖపట్నం, గంజాం ప్రాంతాల తెలుగువారు కూలికి, కొలువుకు ఎక్కిపోయారు. మథురాకాటి, నింపురా వంటి పేటలలో ఇప్పటికీ తెలుగు వినపడుతుంది. వీధిలో బెంగాలీ, కార్ఖానాలో హిందీ, వంటింట్లో తెలుగు.

అట్లాంటి ఊరికి విపత్తు అంటే ఏమిటి? కృష్ణా డెల్టా రైతుకు 1977 నవంబరు 19 నాటి ఉప్పెన విపత్తు. అది ఊళ్ళను ఊడ్చివేసింది. అయినా నీరు తీసిన తరువాత, ఉప్పు పట్టినదైనా, భూమి మిగిలింది. కంపెనీ ఊరిలోని మనిషికి ఆ మాత్రం ఆధారం కూడా లేదు. ఉంటున్న ఇల్లు కంపెనీది, తాగే నీరు కంపెనీది, వైద్యశాల కంపెనీది. కొలువు పోయిననాడు జీతంతో పాటు ఇంటి కప్పు కూడా పోతుంది. సొంత ఊరిలో అతడికి భూమి ఉంటే ఇంత దూరం వచ్చి ఉండడు. కొలువు నుండి తొలగిస్తూ ఇచ్చే ఒక్క నోటీసు కాగితం అతడి కుటుంబానికి తుపానుతో సమానం. ఈ పోలిక నాది. గిరిగారి జీవితాన్ని ఈ కోణంలో చూస్తే తప్ప ఆయన చేసిన పని పూర్తిగా బోధపడదని నా అభిప్రాయం.

ఆయన 1894 ఆగస్టు 10న బరంపురంలో జన్మించారు. తండ్రి జోగయ్య పంతులు పేరుపొందిన న్యాయవాది, కాంగ్రెసు రాజకీయాలలో ఉన్నవారు. కుమారుణ్ణి కూడా న్యాయశాస్త్రం చదివించదలచి 1913లో ఐర్లండుకు పంపారు. అప్పటి మన కుర్రవాళ్ళు లండనుకు వెళ్ళడం రివాజు. గిరిగారు డబ్లిన్‌కు వెళ్ళడం ఆయన జాతకాన్నే మార్చింది.

ఆ 1913 ఆగస్టులోనే డబ్లిన్‌లో మహా లాకౌటు మొదలైనది. ట్రాముల యజమాని విలియం మార్టిన్ మర్ఫీ నాయకత్వంలో యజమానులు ఏకమై, జేమ్స్ లార్కిన్ నడిపే సంఘాన్ని వదులుకొంటేనే పనిలోకి రానిస్తామని గేట్లు మూసివేశారు. సుమారు 20 వేల మంది కార్మికులు వీధిన పడ్డారు. సంఘ కార్యాలయమైన లిబర్టీ హాలు అన్నదాన సత్రమైపోయింది. బ్రిటిష్ కార్మిక సంఘాలు ఆహార పదార్థాలతో ఓడను పంపాయి. 1914 జనవరి నాటికి కార్మికులు ఓడి, తలలు వంచుకొని పనిలోకి వెళ్ళారు. అయినా ఆ ఐదు నెలలూ ఒక నగరంలోని పేదలు తమ గంజిని తామే కాచుకొని, తమ పిల్లలను తామే సాకుకొని నిలిచిన తీరు ప్రపంచ కార్మికోద్యమానికి పాఠమైనది. ఇరవై ఏళ్ళయినా నిండని విద్యార్థి ఆ నగరంలో అడుగుపెట్టినది ఆ సంవత్సరమే. లార్కిన్‌కు కుడి భుజమైన జేమ్స్ కానొలీ ప్రభావం తనపై పడిందని గిరిగారు తరువాతి కాలంలో దాచుకోలేదు. 1916 ఈస్టరు తిరుగుబాటులో కానొలీని కాల్చి చంపారు. ఆ తిరుగుబాటుదారులతో సంబంధమున్నదన్న అనుమానంపై గిరిగారిని దేశం విడిచి పొమ్మన్నారు. చేతిలో న్యాయవాది పట్టా, మనసులో లిబర్టీ హాలు పెట్టుకొని ఆయన బరంపురం చేరారు.

తరువాతి కొన్ని సంవత్సరాలను త్వరగా చెప్పుకోవచ్చును. న్యాయవాద వృత్తి, హోంరూల్ ఉద్యమం, 1920లో గాంధీజీ పిలుపుపై వృత్తికి స్వస్తి, 1922లో సారా దుకాణాల ముందు పికెటింగు చేసినందుకు జైలు. ఆ కాలంలో ఇట్లాంటి జీవిత చరిత్రలు మన జిల్లాలలో ఎన్నో ఉన్నాయి. గిరిగారిని ఆ గుంపునుండి వేరుచేసినది రైలు పట్టాలు. బరంపురం బెంగాల్ నాగపూర్ రైల్వే మీది ఊరు. గుమస్తాలు, ఫిట్టర్లు, కలాసీలు తమ మొరలు చెప్పుకొనేందుకు ఆంగ్లం తెలిసిన ఒక వకీలు కోసం వెదుక్కొనేవారు. అట్లా మొదలైన పరిచయం బి.ఎన్.ఆర్. కార్మిక సంఘ నిర్మాణానికి, అఖిల భారత రైల్వేమెన్ సమాఖ్య స్థాపనకు దారితీసినది. ఆ సమాఖ్యకు ఆయన పదేళ్ళకు పైగా ప్రధాన కార్యదర్శిగా ఉన్నారు. 1926లో అఖిల భారత ట్రేడ్ యూనియన్ కాంగ్రెసుకు అధ్యక్షులయ్యారు. అప్పటికి ఆయన వయస్సు ముప్పది రెండేళ్ళు.

ఖరగ్‌పూర్ పరీక్ష 1927లో వచ్చింది. ఫిబ్రవరిలో సమ్మె మొదలైనప్పుడు, స్టేషనులో గుమికూడిన కార్మికులపై రైల్వే ఉద్యోగులతోనే ఏర్పడిన ఆగ్జిలరీ ఫోర్సును ఉసిగొల్పారు. తెల్లవారు, ఆంగ్లో ఇండియన్ ఉద్యోగులు ఒకవైపు, అదే కార్ఖానాలో వారి పక్కన పనిచేసే కూలీలు మరొకవైపు నిలబడ్డారు. ఆ సమ్మె సమసిన కొద్ది మాసాలకే కంపెనీ ఖర్చు తగ్గింపు పేరిట వేయి మందికి మించి కార్మికులను తొలగింప నిశ్చయించింది. సెప్టెంబరులో కార్ఖానాకు తాళాలు పడ్డాయి. డిసెంబరు దాకా తెరవలేదు. పదునాలుగేళ్ళ తరువాత గిరిగారికి డబ్లిన్ మళ్ళీ ఎదురైనది, ఈసారి తెలుగు, ఒరియా, బెంగాలీ, హిందుస్తానీ మాట్లాడుతూ.

ఇక్కడ కొంచెం ఆగి ఒక సంగతి చెప్పాలి. నాలుగు భాషల వారు, పది కులాల వారు, రకరకాల మతాల వారు ఉన్న ఊరు మూడు నెలలు జీతం లేకుండా గడపాలంటే, బయటినుండి వచ్చిన వకీలు ఉపన్యాసం చాలదు. ఉపన్యాసం ఒక రాత్రికి సరిపోతుంది. మరునాడు పొద్దున్న ఏ ఇంట పొయ్యి వెలగలేదో, ఏ ఇల్లాలు పురిటికి సిద్ధంగా ఉన్నదో, షావుకారు ఎవరికి అప్పు నిరాకరించాడో తెలిసినవాడు ఆ లైనులోనే ఉండాలి. రైల్వే సంఘాల బలం ఎప్పుడూ అక్కడిదే. బాయిలర్ షాపుకు ఒకడు, బండి పెట్టెల షాపుకు ఒకడు, లోకోషెడ్డుకు ఒకడు. పగలు పనిలో పక్కనుండేవాడు, రాత్రి వీధిలో పక్కింటివాడు. డబ్ల్యూ.వి.ఆర్. నాయుడు వంటి సంఘ నాయకులు అక్కడి వారి మధ్యనే మసలుతూ పనిచేశారు. గిరిగారు కలకత్తాకు, ఢిల్లీకి, కంపెనీ ఏజెంటు వద్దకు తిరుగుతూ బేరమాడగలిగినది వెనుక ఆ మనుషులు ఊరిని నిలిపినందువల్లనే. కార్మికులు కోరినదంతా దక్కిందని చెప్పలేము. కాని యజమానులు సంఘంతో కూర్చుని మాట్లాడక తప్పదన్నది స్థిరపడిపోయింది. ఆనాటి పరిస్థితులలో అది చిన్న విజయం కాదు.

ఈ పద్ధతి ఆయన స్వభావమై కూర్చున్నది. 1929 నాగపూర్ మహాసభలో ట్రేడ్ యూనియన్ కాంగ్రెసు చీలినప్పుడు ఆయన ఎన్.ఎం. జోషీ మితవాద వర్గంతో బయటికి వచ్చారు. వామపక్షాలవారు ఆయనను రాజీవాది అన్నారు. రెండవ రౌండు టేబులు సమావేశానికి వెళ్ళినందుకు కూడా అట్లానే అన్నారు. ఆ విమర్శలో పస లేకపోలేదు. గిరిగారికి బేరసారాల మీద గల నమ్మకం ఒక్కొక్కప్పుడు ఎదుటివాడి మంచితనం మీద నమ్మకంగా జారిపోయేది. కాని తగవును న్యాయస్థానానికో, ప్రభుత్వానికో అప్పగించడం కంటే, దెబ్బ తగిలినవారే తమ ప్రతినిధుల ద్వారా తీర్చుకొనడం మేలన్న సూత్రాన్ని ఆయన చివరివరకు వదలలేదు. దానికే తరువాత ఢిల్లీలో గిరి విధానమని పేరు వచ్చింది. నిర్బంధ న్యాయనిర్ణయం కార్మిక సంఘాన్ని సోమరిని చేస్తుందని ఆయన భావం.

1937 ఎన్నికలలో సాక్షాత్తు బొబ్బిలి రాజావారిని, అదీ ఆయన గడ్డమీదనే, ఓడించి రాజాజీ మంత్రివర్గంలో కార్మిక, పరిశ్రమల మంత్రి అయ్యారు. మన పాఠకులకు ఆ కథ కంఠస్థమే.

1942లో ఆయన జైలులో ఉన్నారు. ఖరగ్‌పూర్ ఉన్న మేదినీపూర్ జిల్లాకు అప్పుడే అసలైన ప్రకృతి విపత్తు వచ్చింది. అక్టోబరు 16 నాటి తుపాను, ఉప్పెన కాంటాయీ, తామ్లుక్ తీరాలను ముంచివేసి వేల ప్రాణాలను బలిగొన్నాయి. క్విట్ ఇండియా ఉద్యమం ఉధృతంగా ఉన్న జిల్లా గనుక ప్రభుత్వం ఆ వార్తను కొన్నాళ్ళు తొక్కిపెట్టింది, సహాయంలోనూ కక్ష చూపింది. దరిమిలా డిసెంబరు 17న తామ్లుక్‌లో సతీశ్ చంద్ర సామంత నాయకత్వాన తామ్రలిప్త జాతీయ సర్కారు వెలసి, సుమారు రెండేళ్ళు సహాయక చర్యలూ, తగవుల తీర్పులూ తానే నడిపింది. దీనితో గిరిగారికి ప్రమేయం లేదు. అయినా ఇక్కడ ప్రస్తావించినది ఎందుకంటే, ఏలినవారే మొగం చాటువేసినప్పుడు ఊరివారు ఏమి చేయగలరో అదే జిల్లాలో రెండుసార్లు, పదిహేనేళ్ళ ఎడంతో, కార్మికులూ రైతులూ చూపించారు.

స్వాతంత్ర్యానంతరం గిరిగారి పదవులను వరుసగా చెప్పి పాఠకులను విసిగించను. సింహళంలో హైకమిషనరు, పాతపట్నం నుండి లోక్‌సభ సభ్యత్వం, 1952లో కేంద్ర కార్మిక మంత్రి. 1954లో బ్యాంకు ఉద్యోగుల విషయమై ట్రిబ్యునలు ఇచ్చిన తీర్పును ప్రభుత్వం సవరించి కుదించినప్పుడు ఆయన మంత్రి పదవికి రాజీనామా ఇచ్చారు. ఢిల్లీలో అది అరుదైన సంఘటన. ఆపైన మూడు రాష్ట్రాల గవర్నరు, ఉపరాష్ట్రపతి. 1969 జూలైలో తాత్కాలిక రాష్ట్రపతిగా బ్యాంకుల జాతీయీకరణ ఆర్డినెన్సుపై సంతకం చేసి, మరునాడే రాజీనామా ఇచ్చి, స్వతంత్ర అభ్యర్థిగా నిలబడి, మరో తెలుగువాడైన నీలం సంజీవరెడ్డిగారిని రెండవ ప్రాధాన్యపు ఓట్లు లెక్కించిన మీదట ఓడించారు. పదిహేనేళ్ళ క్రితం బ్యాంకు గుమస్తాల కోసం పదవి వదులుకొన్న మనిషి చేతనే ఆ బ్యాంకులను జాతిపరం చేయించినది కాలం.

ఇక చెప్పవలసినది 1974. రాష్ట్రపతిగా ఆయనకు అది చివరి వేసవి. మే 8న రైల్వే కార్మికులు దేశవ్యాప్తంగా సమ్మెకు దిగారు. ముందు నిలిచిన సంస్థ అఖిల భారత రైల్వేమెన్ సమాఖ్య, అనగా గిరిగారు పురుడు పోసిన బిడ్డ. దాని అధ్యక్షులు జార్జి ఫెర్నాండెజ్‌ను సమ్మెకు ముందే, మే 2న నిర్బంధించారు. వేల సంఖ్యలో అరెస్టులు, ఉద్యోగాల నుండి తొలగింపులు, రైల్వే క్వార్టర్ల నుండి కుటుంబాలను వెళ్ళగొట్టడాలు జరిగాయి. ఇరవై రోజులకు సమ్మె విరమించారు. ఖరగ్‌పూర్ వంటి ఊళ్ళకు 1927 మరల తిరిగి వచ్చింది. తేడా ఒక్కటే. అప్పుడు కంపెనీ ఏజెంటు ఎదుట కూర్చున్న మనిషి ఇప్పుడు రైసినా కొండమీద ఉన్నారు.

రాష్ట్రపతి మంత్రివర్గ సలహాను పాటించవలసినవాడే కాని స్వయంగా చేయగలిగినది లేదని రాజ్యాంగ పండితులు చెబుతారు. నిజమే. 1954లో రాజీనామా ఇచ్చిన మంత్రి వేరు, రాష్ట్రపతి వేరు అనీ చెబుతారు. అదీ నిజమే. కాని ఆయన అధికారంలోకి వచ్చిన దారిని బట్టి చూస్తే, ఆ మే నెలలో ఆయన మౌనం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. తానే తయారుచేసిన స్థానిక నాయకులు జైళ్ళలో ఉండగా ఆయన లోలోపల ఎంత మథనపడ్డారో నేను ఊహించి వ్రాయను. అప్పుడు నేను కాలేజీ విద్యార్థిని. మా మేనమామ ఖరగ్‌పూర్‌లో ఉండేవాడు. ఆయన ఇంటి గోడమీద గాంధీ, నెహ్రూల పక్కన గిరిగారి పటం ఉండేది. సమ్మె తరువాత నేను వెళ్ళినప్పుడు కూడా ఆ పటం అక్కడే ఉన్నది. తీసివేయలేదేమని అడిగాను. మామయ్య కోపగించలేదు. తన తండ్రికి లాకౌటు కాలంలో బియ్యం పుట్టింది ఆ పటంలోని మనిషి వల్లనేనని, పెద్ద ఇంటికి వెళ్ళినవాడు మన వీధికి రాలేకపోవడం వింత కాదని, వీధిని చూసుకొనేందుకు వీధిలోనివారు ఉన్నారుగదా అని అన్నాడు. ఆ సమ్మె రోజులలో ఇల్లు పోయిన రెండు కుటుంబాలు మామయ్య వరండాలోనే ఉన్నాయని అత్తయ్య చెప్పింది. ఆయన చెప్పలేదు.

పదవి నుండి దిగిన మరుసటి సంవత్సరం, 1975లో, గిరిగారికి భారతరత్న ఇచ్చారు. 1980 జూన్ 24న మద్రాసులో కన్నుమూశారు. ఢిల్లీ పొలిమేరలో, నోయిడాలోని జాతీయ కార్మిక సంస్థకు 1995లో ఆయన పేరు పెట్టారు. నేను అక్కడి సభలకు కూడా వెళుతుంటాను. ద్వారం వద్ద పేరు కనపడుతుంది, లోపల ఖరగ్‌పూర్ ఊసు వినపడదు.

2023లో నేను వెళ్ళినప్పుడు మామయ్య లేడు. ఆయన వీధిలోనే ఉంటున్న ఒక రిటైరయిన ఫిట్టరుగారి ఇంట మధ్యాహ్నం భోజనం చేశాను. వారి తాతగారు సోంపేట ప్రాంతం నుండి వచ్చినవారట. బహనాగా వార్త తెలిసిన రాత్రి ఏమి చేశారని అడిగాను. పెద్దగా ఏమీ చేయలేదన్నారు. వీధిలో ఎవరెవరి చుట్టాలు ఆ బండిలో ఉన్నారో ఇల్లిల్లూ తిరిగి జాబితా వ్రాశారట. ఫోను పలకనివారి పేర్ల ఎదుట గీత పెట్టి, తెల్లవారుజామున నలుగురు కుర్రవాళ్ళకు ఆ కాగితం ఇచ్చి బాలేశ్వర్ ఆసుపత్రికి పంపారట. అట్లా చేయాలని ఎవరు చెప్పారని నేను అడిగిన ప్రశ్న ఆయనకు అర్థం కాలేదు. చేయవలసినది అదేగదా అన్నట్లు నా వంక చూసి, కోడలిని మజ్జిగ తెమ్మన్నారు.